ఇప్పటిదాకా కాలలేదు కదా!

2016 ఆగస్టు 19న శాంసంగ్ కంపెనీ గెలాక్సీ నోట్ 7 అనే కొత్త ఫోన్‌ను అమెరికా, దక్షిణ కొరియా మొదలైన దేశాల్లో అమ్మకానికి పెట్టింది. రెండు వారాలు తిరిగేసరికి, సెప్టెంబరు 2న, అదే కంపెనీ అమ్మకాలు ఆపి, కొన్నవారికి ఫోన్లు మార్చి ఇస్తామని ప్రకటించవలసి వచ్చింది. ఎందుకంటే కొన్ని ఫోన్లు వాటంతట అవే వేడెక్కి, పొగలు కక్కి, కాలిపోయాయి. అప్పటికి బయటికి వెళ్లిన ఫోన్లు సుమారు 25 లక్షలు. కంపెనీ దృష్టికి వచ్చిన సంఘటనలు 35.

లోపం ఉందని తేలిన వస్తువును కంపెనీ ఇలా వెనక్కి తీసుకోవడాన్ని రీకాల్ అంటారు. అయితే ఫోన్ ఉన్నవారంతా వెంటనే తిరిగి ఇవ్వలేదు. కొందరి లెక్క ఇలా ఉంది: "25 లక్షల్లో 35 అంటే 71 వేలకు ఒకటి. నా ఫోన్ ఇప్పటిదాకా కాలలేదు కదా! ఎందుకివ్వాలి?"

వినడానికి బాగానే ఉంది. మరి ఈ వాదం నిలుస్తుందా? అది తేలాలంటే ముందు బ్యాటరీ లోపలికి తొంగిచూడాలి.

బ్యాటరీ లోపల ఏముంది?

సెల్‌ఫోన్లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. దీన్ని 1991లో సోనీ కంపెనీ మొదట మార్కెట్లోకి తెచ్చింది. దీని రూపకల్పనకు గాను గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఇందులో రెండు పొడవైన రేకులుంటాయి. గ్రాఫైట్ పూసిన రాగి రేకు ఋణ ఎలక్ట్రోడు. లిథియం, కోబాల్ట్ ఉన్న ఆక్సైడును పూసిన అల్యూమినియం రేకు ధన ఎలక్ట్రోడు. రెండింటి మధ్య వెంట్రుక కన్నా పలుచనైన ప్లాస్టిక్ పొర ఉంటుంది. మూడింటినీ చాప చుట్టినట్టు చుట్టి, ఒక సంచిలో పెట్టి, లిథియం లవణం కలిపిన ద్రవం పోసి మూసేస్తారు. ఈ ద్రవానికి తేలిగ్గా నిప్పంటుకుంటుంది.

ఛార్జింగు పెట్టినప్పుడు లిథియం అయాన్లు ధన ఎలక్ట్రోడు నుంచి బయలుదేరి, ప్లాస్టిక్ పొరలోని సన్నని రంధ్రాల గుండా వెళ్లి గ్రాఫైటులో చేరతాయి. ఫోన్ వాడుతున్నప్పుడు తిరిగి వెనక్కి వస్తాయి. అయాన్లను పోనివ్వాలి, రేకులను మాత్రం ఒకదానికొకటి తగలనివ్వకూడదు. ఆ పలుచని పొర చేసే కాపలా అదే.

కాపలా తప్పితే?

పొర ఒక్కచోట చిరిగినా రెండు రేకులు తగులుకుంటాయి. షార్ట్ సర్క్యూట్ అయి ఆ చోటు వేడెక్కుతుంది. సుమారు 130 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ప్లాస్టిక్ పొర కరగడం మొదలవుతుంది. అప్పుడు రేకులు మరింత మేర తగులుకుంటాయి, వేడి ఇంకా పెరుగుతుంది. ఆ వేడికి కోబాల్ట్ ఆక్సైడు విచ్ఛిన్నమై ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. పక్కనే మండే ద్రవం ఉండనే ఉంది. ఇక చెప్పేదేముంది!

తడి ఆరని గడ్డిని వామి వేస్తే లోపల వేడి పుడుతుందని రైతులకు తెలుసు. పుట్టిన వేడి బయటికి పోయే దారి లేకపోతే అది పోగుపడి చర్యను మరింత వేగవంతం చేస్తుంది. బ్యాటరీలోనూ అంతే. కాకపోతే వాములో రోజులు, వారాలు పట్టేది ఇక్కడ క్షణాల్లో జరిగిపోతుంది.

చిన్న బ్యాటరీలో అంత శక్తి ఎక్కడిదంటారా? లెక్క వేద్దాం. నోట్ 7 బ్యాటరీ 3.5 ఆంపియర్-గంటలది, వోల్టేజి 3.85. రెండింటినీ హెచ్చిస్తే సుమారు 13.5 వాట్-గంటలు. గంటకు 3,600 సెకన్లు కనుక ఇది 48,600 జౌళ్లు. గ్లాసుడు నీళ్లను, అంటే 200 గ్రాములను, 30 డిగ్రీల నుంచి దాదాపు 88 డిగ్రీల దాకా వేడిచేయడానికి ఇది చాలు. ద్రవం మండితే పుట్టే వేడి దీనికి అదనం.

ఒక కారణమా, రెండా?

మొదట అమ్మిన ఫోన్లలో ఒక తయారీదారు బ్యాటరీల మీద అనుమానం పడింది. కంపెనీ ఇంకొక తయారీదారు బ్యాటరీలు ఉన్న ఫోన్లను మార్చి ఇచ్చింది. సమస్య తీరిందని అందరూ అనుకున్నారు. కాని అక్టోబరు 5న అమెరికాలోని లూయివిల్‌లో, బయలుదేరబోతున్న విమానంలో అలా మార్చి ఇచ్చిన ఫోనే పొగలు కక్కింది. ప్రయాణికులను దింపేశారు. అక్టోబరు 11న కంపెనీ ఆ ఫోన్ తయారీనే మానుకుంది.

తరువాత 2 లక్షల ఫోన్లను, 30 వేల బ్యాటరీలను పరీక్షించి, 2017 జనవరి 23న ఫలితాలు వెల్లడించారు. మొదటి రకం బ్యాటరీలో సంచి మూల ఇరుకై, అక్కడ ఋణ ఎలక్ట్రోడు వంగిపోయింది. రెండవ రకంలో వెల్డింగ్ చేసినచోట మిగిలిన లోహపు మొనలు పొరను చీల్చుకుపోయాయి. లోపాలు రెండు, ఫలితం ఒక్కటే! ఒక కారణం దొరికినంత మాత్రాన అన్ని కారణాలూ దొరికినట్టు కాదని ఈ పరిశోధన నేర్పింది.

వాదాన్ని తూచి చూద్దాం

ఇప్పుడు "ఇప్పటిదాకా కాలలేదు కదా" అన్న మాటకు వద్దాం. అందులో మూడు పొరపాట్లున్నాయి.

మొదటిది, 35 అన్నది రెండు వారాల లెక్క మాత్రమే. సెప్టెంబరు 15 నాటికి ఒక్క అమెరికాలోనే, సుమారు 10 లక్షల ఫోన్లకు, బ్యాటరీ వేడెక్కిన ఫిర్యాదులు 92 వచ్చాయి. వీటిలో 26 మనుషులకు కాలిన గాయాలైనవి, 55 ఆస్తినష్టం జరిగినవి. అంటే నాలుగు వారాలు నిండకముందే దాదాపు 11 వేలకు ఒకటి. ఫోన్‌ను మనం వాడేదేమో ఏళ్ల తరబడి.

రెండవది, ప్రతి ఛార్జింగులోనూ ఎలక్ట్రోడులు కొద్దిగా ఉబ్బి, మళ్లీ సన్నబడతాయి. వంగిన అంచు గాని, లోహపు మొన గాని ఉంటే అది ప్రతిసారీ పొరను ఒత్తుతుంది. బావిలో చేద వేసే తాడు నిన్న తెగలేదు కనుక ఇవాళా తెగదని చెప్పగలమా? ఒక్కొక్క పోగే అరిగిపోతూ ఉంటుంది. తాడు అరుగుదల కంటికి కనిపిస్తుంది, బ్యాటరీలోది కనిపించదు.

మూడవది, నష్టం మన ఒక్కరిదే కాదు. పక్కన పడుకున్న చెల్లెలిది, బస్సులో తోటి ప్రయాణికులది కూడా. అందుకే అక్టోబరు 15 నుంచి అమెరికా ప్రభుత్వం విమానాల్లో ఈ ఫోన్‌ను పూర్తిగా నిషేధించింది. మన దేశంలో ఈ ఫోన్ అమ్మకానికి రాకపోయినా, విమానాల్లో దాన్ని వాడవద్దని, ఛార్జింగు పెట్టవద్దని పౌర విమానయాన శాఖ అధికారులు సెప్టెంబరులోనే ప్రయాణికులకు చెప్పారు.

రెండవ పక్షమూ వినాలి. 2016 డిసెంబరులో, మిగిలిన ఫోన్లు ఛార్జింగు కాకుండా సాఫ్ట్‌వేర్ ద్వారా ఆపేస్తామని కంపెనీ చెప్పినప్పుడు, అమెరికాలోని వెరిజాన్ అనే టెలిఫోన్ కంపెనీ మొదట ఒప్పుకోలేదు. పండుగ ప్రయాణాల రోజుల్లో చేతిలో ఉన్న ఒకే ఒక్క ఫోన్ మూగబోతే ఆపదలో ఎవరిని పిలుస్తారని అడిగింది. అది న్యాయమైన ప్రశ్నే. కాని దానికి జవాబు వేరే ఫోన్ చూసుకోవడం, ప్రమాదం ఉన్నదాన్ని దిండు పక్కన పెట్టుకోవడం కాదు. 2017 జనవరి నాటికి 96 శాతం ఫోన్లు తిరిగి వచ్చాయి.

అవకాశం చిన్నదైనా నష్టం పెద్దదై, తప్పించుకునే దారి తేలికగా ఉన్నప్పుడు ఆ దారినే పట్టాలి. రీకాల్ వెనుక ఉన్న తర్కం ఇదే.

మనం ఏం చేయాలి?

రీకాల్ అయిన ఫోన్‌ను ఛార్జింగు పెట్టకుండా, స్విచ్ ఆపి, కంపెనీ చెప్పిన పద్ధతిలో తిరిగి ఇవ్వాలి. చెత్తబుట్టలో వేయకూడదు. ఏ ఫోన్‌నైనా దిండు కింద, దుప్పటిలో ఛార్జింగు పెట్టవద్దు, వేడి బయటికి పోదు. బ్యాటరీ ఉబ్బితే వాడటం మానేయండి. దాన్ని గుచ్చడం, నొక్కడం, విప్పడం ఎన్నడూ చేయవద్దు. పొగ వస్తే దూరంగా జరిగి పెద్దలను పిలవండి.

ఆలోచించండి

1. మీ ఇంట్లో ఫోన్ బ్యాటరీ మీద ఉన్న అంకెలు చూసి, అందులో ఎన్ని జౌళ్ల శక్తి ఉందో లెక్క కట్టండి.
2. పేలే అవకాశం 11 వేలకు ఒకటి ఉన్న వస్తువు, 22 వేల ఇళ్లున్న పట్టణంలో ఇంటికొకటి ఉంటే ఎన్ని ఇళ్లలో ప్రమాదం జరగవచ్చు? అది ఎవరి ఇల్లో ముందే చెప్పగలమా?