అతిసారం ప్రబలిన ఊళ్లు నేర్పినవి

జిల్లా ఆరోగ్య శాఖలో ఉన్నన్నాళ్లూ తొలకరి పడిందంటే నాకు దిగులే. ఏదో ఒక ఊళ్లో, ఒకే వీధిలో పదిమందికి వాంతులు, విరేచనాలని కబురొచ్చేది. ఆ ఊళ్లలో నేర్చుకున్నవి ఇప్పుడే పీహెచ్‌సీల్లో చేరిన యువ డాక్టర్లకు చెబుతున్నాను.

1. ముందు ప్రాణం నిలపండి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బనగావ్ శిబిరంలో సెలైన్ నిండుకుంటే డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న కలరా మరణాలు నాలుగు లోపుకు దిగాయి. తాగగలిగినవారికి ఓఆర్ఎస్ పట్టండి. నాడి అందనివారికి వెంటనే సెలైన్ ఎక్కించండి.

2. ఎవరిని కేసుగా రాయాలో మొదటే తేల్చండి. రోజుకు మూడు, అంతకు మించి నీళ్ల విరేచనాలైతేనే కేసు అనుకుంటే ఏఎన్ఎంలందరూ అదే రాయాలి. లేకపోతే ఒకరి లెక్క ఇంకొకరితో కలవదు.

3. ఆసుపత్రి రిజిస్టరుతో సరిపెట్టుకోకండి. ఆశా కార్యకర్తతో ఇల్లిల్లూ తిరిగి వయసు, వీధి, జబ్బు మొదలైన వేళ, తాగిన నీళ్లు, తిన్న విందు రాయండి. జబ్బు రానివారినీ అడగండి. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా చెలరేగినా పక్కనున్న బీరు కంపెనీ పనివాళ్లు దాదాపు క్షేమంగా ఉన్నారు. వాళ్లు ఆ వీధి పంపు నీళ్లు తాగేవారు కాదు. ఆ పంపు నీళ్లే కారణమన్న డాక్టర్ జాన్ స్నో అనుమానానికి అది బలమిచ్చింది.

4. యాంటీబయాటిక్ వేయకముందే విరేచనం శాంపిల్ తీసి కేరీ బ్లెయిర్ మీడియంలో ల్యాబుకు పంపండి. నీళ్ల శాంపిల్‌ను బ్లీచింగ్ కలపకముందే పట్టండి. ఆ పూట దాటితే సాక్ష్యం పోతుంది.

5. పైపు వెంట నడవండి. ట్యాంకు దగ్గర క్లోరిన్ బాగానే ఉంటుంది, వీధి చివరి కుళాయి దగ్గర ఉండదు. క్లోరిన్ కొలిచే ఓటీ టెస్ట్ అక్కడ చేయండి, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. మురుగు కాలువలోంచి పోయే ఇంటి కనెక్షన్లు, నీళ్లు నిలిచిన వాల్వు గుంటలు చూడండి. సరఫరా ఆగినప్పుడు ఖాళీ పైపు ఆ మురుగును పగుళ్లలోంచి పీల్చుకుంటుంది. లీకు మూసేదాకా ట్యాంకర్ నీళ్లు ఇప్పించండి.

6. గుంపుగా వచ్చిన జబ్బు అంటువ్యాధే కానక్కర్లేదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛతో పడిపోయారు. నిపుణుల చూపు సీసం, పురుగుమందుల మీదికి వెళ్లింది.

7. ఎవరు ఒత్తిడి చేసినా కేసులు తగ్గించి రాయకండి. కలరా అయితే చివరి కేసు తర్వాత పదిరోజులు కొత్తది లేనప్పుడే అదుపులోకి వచ్చిందనండి.

వైద్య శిబిరం రోగిని కాపాడుతుంది, ఊరిని కాపాడేది మంచినీళ్లు. పగిలిన పైపు మార్చారని కళ్లారా చూశాకే ఆ ఊరు వదలండి.