కుండ మూత తీసి చూచిన అమ్మగారు
(పిల్లలకు బోధించువారి కొరకు పాఠము)

చదువవలసిన భాగము: యాకోబు 2:1-17



గొప్పవారి చరిత్రలు పిల్లలకు చెప్పునప్పుడు మనము తరచుగా మెప్పు సంగతులు మాత్రమే చెప్పి, కన్నీటి సంగతులు విడిచిపెట్టుదుము. అట్టి చరిత్ర గోడమీది పటమువంటిది. పిల్లవాడు దానిని చూచి దాటిపోవును. ఈ నెల మేము పాఠముగా తీసికొనినది ఎలియనార్ రూజ్‌వెల్టుగారి జీవితము. ఈమె 1933 నుండి 1945 వరకు అమెరికా దేశాధ్యక్షుడుగా నుండిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టుగారి భార్య. రస్సెల్ ఫ్రీడ్‌మన్ అను రచయిత 1993లో బాలల కొరకు ఈమె చరిత్ర వ్రాసెను. ఆయన ఆమె బాల్యదుఃఖమును దాచలేదు. మనమును దాచనక్కరలేదు.

1. భయపడిన బాలిక

ఎలియనార్ 1884 అక్టోబరు 11న న్యూయార్కు నగరములో ధనవంతుల ఇంట పుట్టెను. తల్లి పేరుపొందిన అందగత్తె. కుమార్తె ఎప్పుడును గంభీరముగా నుండుటచేత తల్లియే ఆమెను “ముసలమ్మ” అని పిలిచెడిది. తండ్రి ఆమెను మిక్కిలి ప్రేమించెను గాని త్రాగుడు ఆయనను ఇంటికి దూరము చేసెను. 1892లో తల్లి, 1893లో ఒక తమ్ముడు, 1894లో తండ్రి చనిపోయిరి. పదియేండ్లు నిండకముందే ఆమె తలిదండ్రులు లేని బిడ్డయై అమ్మమ్మ యింట పెరిగెను. చీకటి అన్నను, పరుల యెదుట మాటలాడుట అన్నను ఆమెకు భయము.

బోధకులారా, మీ తరగతిలోను అట్టి యింటినుండి వచ్చిన బిడ్డ యుండవచ్చును. ఈ భాగము చెప్పునప్పుడు ఏ బిడ్డవైపును ప్రత్యేకముగా చూడకుడి. కథను సూటిగా చెప్పుడి. వినవలసిన బిడ్డ వినును.

2. వెళ్లి చూచుట నేర్చుకొనెను

పదునైదవ యేట ఆమెను ఇంగ్లండులోని ఒక బడికి పంపిరి. అక్కడి ప్రధానోపాధ్యాయురాలు మరీ సువెస్త్రగారు బాలికలను సొంతముగా ఆలోచింపజేసెను. తిరిగివచ్చిన తరువాత ఎలియనార్ న్యూయార్కులో బీదల వాడకు పోయి అక్కడి బాలికలకు వ్యాయామము, నాట్యము నేర్పెను. ఒకనాడు జబ్బుపడిన బాలికను ఇల్లు చేర్చుటకు ఫ్రాంక్లిన్ ఆమెతో వెళ్లెను. మనుష్యులు అట్టి చీకటి గదులలో బ్రదుకుదురని ఆయన అంతవరకు ఎరుగడు. వారి వివాహము 1905లో జరిగెను.

1921లో ఫ్రాంక్లిన్‌గారికి పోలియో వచ్చి కాళ్లు చచ్చుపడెను. తరువాత ఆయన న్యూయార్కు రాష్ట్రమునకు గవర్నరైనప్పుడు, ప్రభుత్వ ఆసుపత్రులలోనికి ఆయనకు బదులుగా ఆమె వెళ్లెను. మొదట ఆమె భోజనపట్టిక చదివి వచ్చి చెప్పెడిది. అది చాలదని భర్త నేర్పెను. అప్పటినుండి ఆమె వంటగదిలోనికి పోయి, కుండ మూత తీసి, పట్టికలో వ్రాసినదే లోపల ఉడుకుచున్నదా అని చూచెడిది. మంచములు ఇరుకుగా వేసిరా అనియు గమనించెడిది.

3. కుర్చీ జరుపుకొనెను

1938 నవంబరులో అలబామా రాష్ట్రములోని బర్మింగ్‌హామ్ నగరమున ఒక సభ జరిగెను. తెల్లవారు ఒక వైపున, నల్లవారు మరియొక వైపున కూర్చుండవలెనని అక్కడి చట్టము. ఆమె నల్లవారి వైపున కూర్చుండగా పోలీసులు వచ్చి లేవవలెననిరి. ఆమె వాదింపలేదు. తెల్లవారి వైపునకును పోలేదు. కుర్చీని రెండు గుంపుల నడుమకు జరిపించుకొని అక్కడ కూర్చుండెను. యాకోబు తన పత్రికలో సభలోని ఆసనములనుగూర్చి వ్రాసిన హెచ్చరికను ఇక్కడ పిల్లలచేత చదివించుడి.

4. లోకమంతటికి పనికివచ్చిన సేవ

భర్త 1945లో చనిపోయిన తరువాత ఆమె ఐక్యరాజ్యసమితిలో మానవహక్కుల సంఘమునకు అధ్యక్షురాలాయెను. ఆ సంఘములో మన దేశపు ప్రతినిధి హంసా మెహతాగారు, “పురుషులందరు” అను అర్థమిచ్చు మాట తీసివేసి “మానవులందరు” అని వ్రాయవలెనని పట్టుబట్టిరి. ఆ మాటయే నిలిచెను. 1948 డిసెంబరు 10న పారిసులో ఆ ప్రకటన అంగీకరింపబడెను. 48 దేశములు అనుకూలముగా ఓటు వేసెను. 8 దేశములు ఓటు వేయక ఊరకుండెను. వ్యతిరేకముగా ఒక్కటియు లేదు. ఎలియనార్‌గారు 1952లో మన దేశమును దర్శించిరి. 1962 నవంబరు 7న మరణించిరి.

భయము పోయిన తరువాత ఆమె పనికి పూనుకొనలేదు. పనికి వెళ్లగా వెళ్లగా భయము తగ్గెను. పిల్లలకు మనము నేర్పవలసిన సంగతి ఇదియే. ఆకలిగొన్నవానితో తృప్తిపొందుమని చెప్పి పంపుట చాలదని యాకోబు వ్రాసెను. వాని యింటి కుండలో ఏమున్నదో ఎరుగనిదే మన మాట వానికి ఏమి మేలు చేయును?

ప్రశ్నలు

1. భోజనపట్టిక చదువుటకును, కుండ మూత తీయుటకును భేదమేమి?
2. మన కూడికలలో ఎవరు ముందు, ఎవరు వెనుక కూర్చుందురు? ఎందుచేత?
3. ఈ నెల తరగతికి రాని బిడ్డ ఎవరు? వచ్చే ఆదివారము లోపల ఆ యింటికి ఎవరు వెళ్లుదురు?