పిండములకు క్రోమోజోము పరీక్ష: గ్రామస్థులు అడుగు ప్రశ్నలు

కడియము, కడియపులంక, బుర్రిలంక గ్రామములలో మొక్కలు పెంచువారికి ఒక సంగతి సుపరిచితము. మామిడిటెంకను నాటినచో మొలచిన చెట్టు తల్లిచెట్టునే పోలునని చెప్పజాలము. అంటుకట్టినచో గుణము నిలుచును. మానవ సంతానము టెంకమొక్క వంటిదే గాని అంటు వంటిది కాదు. తల్లినుండి 23, తండ్రినుండి 23 క్రోమోజోములు వచ్చి చేరగా ప్రతి బిడ్డయు క్రొత్త కూర్పుగ జనించును. మానవ కణములో ఇవి 46 గలవని 1956లో తేలినది.

ఈ కూర్పులో ఒక్కొక్కప్పుడు ఒక క్రోమోజోము ఎక్కువగనో తక్కువగనో వచ్చును. అట్టి పిండములలో అధికభాగము గర్భాశయమున నిలువవు. నిలిచినను తొలి మాసములలోనే స్రవించును. 21వ క్రోమోజోము రెండింటికి బదులు మూడున్నచో బిడ్డకు డౌన్ లక్షణములు కలుగునని 1959లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇట్టి తేడాలు తల్లి వయస్సుతో పెరుగును. స్త్రీ అండములు ఆమె తన తల్లి గర్భముననున్నపుడే ఏర్పడి ఏండ్ల తరబడి వేచియుండును. కాలము గడచినకొలది వానిలో క్రోమోజోముల జంటలు సరిగా విడివడవు. ఇందు ఎవరి దోషమును లేదు. గర్భము నిలువలేదని కోడలిని నిందించు ఇండ్లలో ఈ మాట తప్పక చెప్పదగినది.

2019 సెప్టెంబరులో తూర్పు గోదావరి జిల్లాకు చెందిన 74 ఏండ్ల స్త్రీ గుంటూరులో కవలలను కనెనని పత్రికలు వ్రాసినవి. ఆ అండములు వేరొక స్త్రీ దానము చేసినవని మరువరాదు. ఆ తరువాత వచ్చిన 2021 నాటి చట్టము ఇట్టి చికిత్సకు స్త్రీకి 50, పురుషునికి 55 ఏండ్లు గరిష్ఠ వయస్సుగా నిర్ణయించినది.

పరీక్ష జరుగు విధమిది. అండములను వెలికితీసి ప్రయోగశాలలో పురుషబీజముతో కలుపుదురు. అయిదారు దినములకు పిండము నూరు కణములకు అటునిటుగ పెరుగును. మావిగా మారబోవు వెలుపలి పొరనుండి కొలది కణములు గ్రహించి వాని క్రోమోజోములను లెక్కింతురు. ఫలితము వచ్చువరకు పిండములను అతిశీతలమున భద్రపరచి, లెక్క సరిగానున్నదానిని గర్భాశయమున ఉంచుదురు.

ఇది జల్లెడ వంటిది; ఏరునే గాని క్రొత్త గింజలను పుట్టింపదు. అన్ని పిండములును తీసివేయవలసి వచ్చు దంపతులును గలరు. ఒకే పిండములో సరియైన కణములును, కానివియు కలిసియుండుట గలదు గనుక ఫలితము పొరపాటు కావచ్చును. 20 మొదలు 37 ఏండ్ల వయస్సుగల 1,212 మంది స్త్రీలపై చైనాలో జరిగి, 2021లో ప్రకటింపబడిన పరిశోధనలో, పరీక్ష చేయించినవారిలో నూటికి సుమారు 77 మందికి, చేయించనివారిలో 82 మందికి సంతానము కలిగినది. కనుక వయస్సు మీరని దంపతులు దీనికై కొబ్బరితోటను కుదువపెట్టుటకు ముందు ఒకటికి రెండుమారులు ఆలోచించుట మేలు.

మన్యమున కనిపించు సికిల్‌సెల్ వ్యాధి, థలసీమియా ఈ లెక్కలో కనబడవు. అవి జన్యువులోని లోపములు. వానికి ముందుగా దంపతుల రక్తపరీక్ష, అటుపిమ్మట వేరు పరీక్ష అవసరము.

పిండము ఆడో మగో కూడ ఈ లెక్కలో తెలియును. చిక్కంతయు ఇచ్చటనే గలదు. మగబిడ్డను పుట్టింతుమని సొమ్ము గుంజు దళారులకు ఇదియే ఆధారము. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టమును 2003లో సవరించి, గర్భధారణకు పూర్వము జరుగు లింగ ఎంపికను కూడ నిషేధించిరి. 2021 చట్టము ప్రకారము పిండపరీక్ష వంశపారంపర్య, జన్యు వ్యాధులను కనుగొనుటకు మాత్రమే చేయవలెను. మగబిడ్డ కలుగునని ప్రకటనలిచ్చువారికి అయిదు మొదలు పది సంవత్సరముల కారాగారము గాని, 10 లక్షలు మొదలు 25 లక్షల రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

అట్టి ప్రకటన గాని, దళారి గాని గ్రామమునకు వచ్చినచో సభ్యులు జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి వ్రాతపూర్వకముగ తెలుపవచ్చును. చికిత్సకు బయలుదేరు దంపతులకు రెండు సంగతులు ముందే చెప్పవలెను. రిజిస్ట్రేషన్ పత్రము అందరికి కనబడునట్లు కట్టియున్నదా యని చూడవలెను. తమ వయస్సువారిలో నూటికి ఎందరికి బిడ్డలు కలుగుచున్నారో అడుగవలెను. విజయావకాశములను వివరించుట చట్టరీత్యా ఆ కేంద్రము యొక్క విధి.