తల్లి పళ్ళెము కూడ చూతము



తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములలో మన తల్లులనేకులు ఫోనులో వంటలు చూచి పిల్లలకు వండుచున్నారు; తాము మాత్రము మిగిలిన అన్నము, పులుసుతో సరిపెట్టుకొనుచున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తమిళనాడులో 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 53 మందికి రక్తహీనత ఉన్నది.

కనుక వీడియో చూచునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొందము. చెప్పుచున్నది ఎవరు? ఏమైన అమ్ముచున్నారా? ఆ సరుకు మన సంతలో దొరుకునా? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనలు ఇంటర్నెట్‌లో ఉచితముగా ఉన్నవి, వాటితో సరిచూచుకొందము.

మునగాకు పప్పుమీద నిమ్మకాయ పిండుకొనిన ఇనుము బాగుగా ఒంటబట్టును. భోజనముతో టీ త్రాగిన అది తగ్గును. ఈ వారము ఇంటిల్లిపాది ఒక్క వీడియో చూచి, వండి, మొదట తల్లికి వడ్డించుదము.