పెరుగు చుక్కతో మొదలు: గ్రామ్ స్టెయినింగ్ ఎలా చేయాలి?

బీఎస్సీ మైక్రోబయాలజీ మొదటి ఏడాది పిల్లల్ని గుర్తుపట్టడానికి ఐడీ కార్డు అక్కర్లేదు, వేళ్లు చూస్తే చాలు. గోళ్ల చుట్టూ ఊదా రంగు పట్టేసి ఉంటుంది. ఎంత రుద్దినా ఒక పట్టాన వదలదు. అది క్రిస్టల్ వయొలెట్ మరక. గ్రామ్ స్టెయినింగ్ ప్రాక్టికల్ అయిందనడానికి అదే సాక్ష్యం.

"ఊదా అయితే పాజిటివ్, గులాబీ అయితే నెగెటివ్" అని అందరూ బట్టీ పట్టేస్తారు. వైవాలో "ఎందుకలా?" అని అడిగేసరికి నోరు పెగలదు. చేసే ప్రతి పనికీ కారణం తెలిస్తే ఈ ప్రాక్టికల్ మర్చిపోవడం కష్టం. అందుకే ఇక్కడ ఎలా చేయాలో, ఎందుకు చేయాలో కలిపే చెబుతాను. నమూనా కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇంట్లో తోడు పెట్టిన పెరుగు చాలు.

ఎవరీ గ్రామ్?

గ్రామ్ అంటే తూకం కాదు, మనిషి పేరు. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ డెన్మార్క్ డాక్టరు. బెర్లిన్‌లో పనిచేస్తూ 1884లో ఈ పద్ధతిని ప్రచురించాడు. న్యుమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా విడిగా, స్పష్టంగా కనిపించాలన్నదే ఆయన తాపత్రయం. వాటిని రెండు జట్లుగా విడదీయాలని ఆయన అనుకోలేదు. కొన్ని రంగు నిలుపుకున్నాయి, కొన్ని వదిలేశాయి. ఆ తేడాయే తర్వాత పెద్ద పాఠమైంది.

కావలసినవి

శుభ్రమైన గాజు స్లైడు, ఇనాక్యులేషన్ లూప్, బర్నర్ లేదా స్పిరిట్ దీపం, క్రిస్టల్ వయొలెట్, గ్రామ్స్ అయోడిన్, 95 శాతం ఆల్కహాల్, సాఫ్రనిన్, నీళ్ల వాష్ బాటిల్, బ్లాటింగ్ పేపర్, ఇమ్మర్షన్ ఆయిల్, 100 ఎక్స్ లెన్సున్న మైక్రోస్కోపు. ఆప్రాన్ తప్పనిసరి. జుట్టు ముడేసుకోండి, చున్నీ దోపుకోండి. ఆల్కహాల్ సీసా మంట దగ్గర ఉండకూడదు.

పెరుగు నిన్న తోడుపెట్టినదైతే మంచిది. నాలుగు రోజుల పుల్ల పెరుగులో చచ్చిన కణాలు ఎక్కువ. అవి రంగు నిలుపుకోలేక మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి.

1. స్మియర్ వేయడం

స్లైడు అడుగున మార్కరుతో మూడు వలయాలు గీయండి. మధ్య వలయంలో పెరుగు. ఎడమ వైపు గ్రామ్ పాజిటివ్ అని ముందే తెలిసిన బాసిల్లస్ సబ్టిలిస్, కుడి వైపు గ్రామ్ నెగెటివ్ ఈ.కోలి. ఈ రెండూ డిపార్ట్‌మెంటులో ఉండే తాజా కల్చర్లు. పక్కన ఈ సాక్షులు లేకపోతే మీ ఫలితాన్ని నమ్మడానికి ఆధారం ఉండదు.

పెరుగు మీద తేరిన తేటలోంచి లూప్‌తో కొంచెం తీసుకోండి. నీటి బొట్టులో కలిపి పల్చగా పరచండి. గడ్డ పెరుగు వేస్తే పాల ప్రొటీను, కొవ్వు రంగు పీల్చుకుని తెర కట్టేస్తాయి. ఆరిన స్మియర్ గాజు మీద నోటి ఆవిరి పట్టినంత పల్చగా కనిపించాలి.

2. ఆరబెట్టి, వేడి చూపించడం

ముందు గాలికి పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద మంట తగిలితే కణాలు ఉడికి ఆకారం పోతుంది. ఆరాక స్మియర్ పైకి ఉండేలా పట్టుకుని, మంట మీదుగా రెండు మూడు సార్లు చకచకా పోనివ్వండి. అరచేతి వెనకవైపు ఆనిస్తే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. దీంతో కణాలు గాజుకు అంటుకుంటాయి, కడిగినప్పుడు కొట్టుకుపోవు.

3. క్రిస్టల్ వయొలెట్: ఒక నిమిషం

స్మియర్ మునిగేలా రంగు వేసి నిమిషం ఆగండి. స్లైడును వాల్చి, నీటిధార నేరుగా స్మియర్ మీద పడకుండా పైనుంచి జారనివ్వండి. ఇప్పుడు పాజిటివ్, నెగెటివ్ అన్నీ ఊదాగానే ఉంటాయి.

4. గ్రామ్స్ అయోడిన్: ఒక నిమిషం

ఇది రంగు వేయడానికి కాదు, వేసిన రంగును బిగించడానికి. కలంకారీ అద్దకంలో పటిక చేసే పని లాంటిదే. కణం లోపల క్రిస్టల్ వయొలెట్‌తో కలిసి పెద్ద ముద్దలా తయారవుతుంది. అంత ముద్ద సన్నని సందుల్లోంచి బయటపడటం కష్టం. నిమిషం తర్వాత కడిగేయండి.

5. ఆల్కహాల్: అసలు పరీక్ష ఇక్కడే

స్లైడును వాల్చి పట్టుకుని ఆల్కహాల్ బొట్లుబొట్లుగా జారనివ్వండి. మొదట చిక్కటి ఊదా కారుతుంది. తర్వాత లేత ఊదా. కారే బొట్టు రంగులేకుండా తేటగా మారిన క్షణమే ఆపి, వెంటనే నీళ్లతో కడగండి. మామూలుగా 10 నుంచి 20 సెకన్లు పడుతుంది. గడియారం కంటే కారే బొట్టునే నమ్మండి.

ఆ కొద్ది సెకన్లలో ఏం జరుగుతుంది? గ్రామ్ పాజిటివ్ కణానికి పెప్టిడోగ్లైకాన్ గోడ దళసరి, 20 నుంచి 80 నానోమీటర్ల దాకా ఉంటుంది. ఆల్కహాల్ దానిలోని నీటిని లాగేస్తుంది. గోడ బిగుసుకుని సందులు మూసుకుపోతాయి, ఊదా ముద్ద లోపలే చిక్కుబడుతుంది. గ్రామ్ నెగెటివ్‌కు ఆ గోడ కొద్ది నానోమీటర్లే. దానిపైన కొవ్వుతో కూడిన బయటి పొర ఉంటుంది. ఆల్కహాల్ ఆ పొరను కరిగిస్తుంది, పల్చటి గోడ రంగును ఆపలేదు.

నా మొదటి స్లైడు మీద ఆల్కహాల్ ధారాళంగా పోశాను. మూడు వలయాలూ ఒకే గులాబీ. పెరుగులో ఏదో కొత్త క్రిమి దొరికిందని సంబరపడ్డాను కూడా. పక్కనున్న సబ్టిలిస్ కూడా గులాబీగా ఉందని మా మేడమ్ చూపించాక తల దించుకున్నాను. సాక్షుల విలువ ఆ రోజే తెలిసింది.

6. సాఫ్రనిన్: 30 నుంచి 60 సెకన్లు

రంగు కోల్పోయిన కణాలు కంటికి కనిపించవు. వాటికి సాఫ్రనిన్ గులాబీ రంగునిస్తుంది. ఊదాగా మిగిలినవాటి మీద అది పైకి తేలదు. కడిగి, బ్లాటింగ్ పేపరుతో అద్దండి. తుడవకండి.

7. మైక్రోస్కోపు కింద

10 ఎక్స్‌తో మొదలుపెట్టండి, 40 ఎక్స్‌తో చోటు ఖాయం చేసుకోండి. తర్వాత లెన్సును పక్కకు తిప్పి, స్మియర్ మీద ఒక బొట్టు ఆయిల్ వేసి 100 ఎక్స్ తెండి. గాలిలోకి రాగానే కాంతి వంగి పక్కలకు పోతుంది. ఆయిల్ దాదాపు గాజులాగే కాంతిని వంచుతుంది కాబట్టి ఆ నష్టం తగ్గుతుంది. కండెన్సర్ పైకి జరపండి, వెలుతురు పెంచండి. ఇక్కడ పెద్ద నాబ్ ముట్టుకోకూడదు, చిన్నదే తిప్పాలి. 40 ఎక్స్ లెన్సుకు ఆయిల్ అంటనివ్వొద్దు.

ఐపీస్ 10 ఎక్స్ అయితే ఇప్పుడు చూస్తున్నది వెయ్యి రెట్లు. గులాబీ మసకలో ఊదా కడ్డీలు కనిపిస్తాయి, అవి లాక్టోబాసిల్లై అయ్యుండొచ్చు. పూసల దండల్లాంటి గుండ్రటి గొలుసులుంటే అవి లాక్టిక్ ఆమ్లం తయారుచేసే కాకైలు. అక్కడక్కడా వాటికంటే ఎన్నో రెట్లు పెద్దవిగా, కోడిగుడ్డు ఆకారంలో ఊదాగా ఉన్నవి ఈస్టులు. పాలను పెరుగు చేసిన కూలీలు మాత్రం ఆ కడ్డీలు, కాకైలే.

8. సరిగ్గా రాకపోతే

- అన్నీ గులాబీ: ఆల్కహాల్ ఎక్కువైంది, అయోడిన్ మరిచారు, లేదా కల్చర్ పాతది.
- అన్నీ ఊదా: ఆల్కహాల్ చాలలేదు, లేదా స్మియర్ మందం.
- ఏమీ లేదు: ఆరకముందే కడిగారు, లేదా స్లైడు తిరగేసి పెట్టారు. రెండోది జరిగినప్పుడు ఎవరూ ఒప్పుకోరు.
- నల్లటి ఊదా ముక్కలు: సీసాలో పేరుకున్న రంగు స్ఫటికాలు. వడకట్టి వాడండి.

పని అయ్యాక స్లైడ్లను క్రిమిసంహారక ద్రవం ఉన్న జార్‌లో వేయండి, లెన్స్ పేపరుతో ఆయిల్ తుడవండి, చేతులు కడుక్కోండి. ఆ పెరుగును మళ్లీ వంటింటికి తీసుకెళ్లొద్దు.

ఈ గోడే ఇమ్యునాలజీకి గుమ్మం

తర్వాతి సెమిస్టర్లలో ఇమ్యునాలజీ పుస్తకం తెరిచినప్పుడు ఈ స్లైడును గుర్తుచేసుకోండి. మీరు రంగుతో పోల్చుకున్న గోడలనే శరీరం స్పర్శతో పోల్చుకుంటుంది. కన్నీళ్లలో ఉండే లైసోజైమ్ పెప్టిడోగ్లైకాన్‌ను కోసేస్తుంది. దాన్ని 1922లో ప్రకటించింది అలెగ్జాండర్ ఫ్లెమింగే, పెన్సిలిన్‌ను గమనించడానికి ఆరేళ్ల ముందు. గ్రామ్ నెగెటివ్ బయటి పొరలోని లైపోపాలీశాకరైడ్‌ను మన కణాల మీది టీఎల్ఆర్-4 అనే గ్రాహకం పసిగడుతుంది. జ్వరం మొదలయ్యే దారుల్లో అదొకటి. ఈ కాపలా వ్యవస్థను వెలికితీసినందుకు బ్రూస్ బోయిట్లర్, జూల్స్ హాఫ్‌మన్ 2011 నోబెల్‌లో వాటా పొందారు.

మందుల పాఠానికీ ఇదే పునాది. తొలినాళ్ల పెన్సిలిన్ ఎక్కువగా గ్రామ్ పాజిటివ్‌ల మీదే పనిచేసేది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపిస్తున్న కాలంలో, 1948లో బెంజమిన్ దుగ్గర్ వెలువరించిన ఆరియోమైసిన్ రెండు జట్ల మీదా పనిచేసింది.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. క్షయ క్రిమికి మైనపు గోడ, దానికి జీల్-నీల్సన్ స్టెయిన్ కావాలి. మైకోప్లాస్మాకు గోడే లేదు. వైరస్‌లు ఈ మైక్రోస్కోపుకు అందవు.

రికార్డులో ఏం రాయాలి?

రంగు, ఆకారం, అమరిక: ఈ మూడూ ఈ వరుసలోనే. "గ్రామ్ పాజిటివ్, కడ్డీలు, చిన్న గొలుసులు" అని రాయండి. స్టెయిన్ ఒక్కటి చూసి "లాక్టోబాసిల్లస్" అని తేల్చేయకండి. పేరు పెట్టడానికి ఇంకా చాలా పరీక్షలున్నాయి. పక్కవాళ్ల రికార్డు చూసి బొమ్మ గీయొద్దు. మీ కళ్లకు కనిపించిందే పెన్సిలుతో గీయండి, మసకగా ఉంటే మసక అనే రాయండి. మొదటి స్లైడు పాడైతే రెండోది వేయండి. గాజు ముక్క ఖరీదు కొద్ది రూపాయలే.