ఖజానా క్రింది పాత గుడ్డలు

పఠన భాగములు: యిర్మీయా 38:7–13, మలాకీ 1:8



యిర్మీయా ప్రవక్తను గోతిలో దింపిన సంగతి మనకందరికిని తెలిసినదే. ఆ గోతిలో నీళ్లు లేవు, బురద మాత్రమే యుండెను. అతడు అక్కడనే ఆకలిచేత చచ్చునని యెరిగి, రాజు ఇంటిలోనున్న కూషీయుడైన ఎబెద్మెలెకు రాజునొద్దకు పోయి మనవి చేసెను. సెలవు దొరికెను, మనుష్యులును దొరికిరి. అయితే అతడు నేరుగా గోతియొద్దకు పోలేదు. ఖజానా క్రిందనున్న గదిలోనికి పోయెను. అక్కడ పడియున్న పాత గుడ్డలను ఏరి తెచ్చి, త్రాళ్లతో గోతిలోనికి దింపి, చంకల క్రింద పెట్టుకొమ్మని ప్రవక్తకు చెప్పెను. పిమ్మట అతనిని పైకి లాగిరి.

ఈ నెల మన పాఠము ఆ గుడ్డలను గూర్చినది. మన దినములలో ఖజానా క్రింది గదులు గుడ్డలతో గాక కంప్యూటర్లతో నిండుచున్నవి. పనిచేయుచున్నను పాతవని తీసివేయబడిన ఆ యంత్రములను కార్యాలయములవారు బడులకును, సంఘములకును, బీదలకును ఇచ్చుచున్నారు. ఇట్టి ఈవిని గూర్చి వాక్యమేమి నేర్పుచున్నదో చూతము.

1. చెడకయే పాతబడినవి

మన తండ్రులు టైపు నేర్చుకొన్న మిషనును తలంచుకొనుడి. 1955లో గోద్రెజ్ వారు మన దేశములోనే అట్టి మిషనులు చేయసాగిరి. రిబ్బను మార్చి, నూనె వేసిన చాలును. అది చెడిన దినముననే పాతదగును. కంప్యూటరు సంగతి అట్టిది కాదు. దానిని నడిపించు విండోస్ వంటి వ్యవస్థలో లోపములు బయటపడినప్పుడెల్ల, చేసినవారు మరమ్మతులు పంపుచుందురు. ఆ పంపుట ఆగెనా, యంత్రము చక్కగా తిరుగుచున్నను అది గడియలేని తలుపువంటిదగును. మైక్రోసాఫ్టు వారు విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ఈ సాధారణ సాయమును ఆపిరి. గడువు పెంచుకొను ఏర్పాట్లు కొన్ని చేసినను అవి కొద్దికాలపువే. 2021లో వచ్చిన విండోస్ 11, టి.పి.ఎం. 2.0 అను రక్షణ ఏర్పాటును, కొత్త తరము ప్రాసెసరును కోరును గనుక, 2017కు ముందు కొన్న యంత్రములలో చాలవాటికి ఆ మార్గమును లేదు.

ఇది వట్టి భయము కాదు. 2017 మే నెలలో వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము లోకమంతట కంప్యూటర్లలోని కాగితములకు తాళము వేసి, డబ్బు అడిగెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి యంత్రములు కొన్ని, చిత్తూరు జిల్లాలోనివి సహా, అందులో చిక్కెను. అప్పుడు మన వడమాలపేటయు ఆ జిల్లాలోనిదే. ఆ లోపమునకు మరమ్మతు మార్చి నెలలోనే వచ్చియుండెను గాని, దానిని వేసికొనని యంత్రములు లోకమంతట లెక్కలేనన్ని యుండెను. గడువు తీరిన ఎక్స్‌పీకైతే అది ముందుగా ఇయ్యబడనే లేదు.

కాబట్టి కార్యాలయములవారు పాత యంత్రములను తీసివేయుట తప్పు కాదు. తీసివేసినదానిని ఏ స్థితిలో ఇచ్చుచున్నారన్నదే ప్రశ్న.

2. చంకల క్రింద పెట్టుకొనుటకు

కిందటి సంవత్సరము చివరన ఒక కార్యాలయమువారు మన సాయంకాలపు చదువునకు నాలుగు కంప్యూటర్లను పంపిరి. ఆటోలోనుండి దింపుచుండగా మన సంఘపెద్ద ఒకరు వాటిని చూచి, "బాగుండేదైతే వాళ్లెందుకిస్తారయ్యగారూ?" అనిరి. ఆయన మాటకు నా మనస్సులో కోపము వచ్చెను. నేను అప్పటికే ఫొటో తీయించి, కృతజ్ఞతా పత్రము వ్రాసి పంపియుంటిని. యంత్రములను వెలిగించి మాత్రము చూడలేదు.

వెలిగించినప్పుడు తెలిసెను. రెండింటికి కరెంటు తీగలు లేవు. ఒకటి ఎవరికిని తెలియని పాస్‌వర్డు అడిగెను. నాలుగవది అడ్డులేక తెరచుకొనెను; అందులో ఎందరివో ఆధారు కార్డుల నకళ్లు, ఇంటి చిరునామాలు, బ్యాంకు లెక్కలు ఉండెను. మన పొరుగూరి వారి పేర్లును నాకు కనబడెను. నేను దానిని మూసివేసి, పంపినవారికి ఫోను చేసితిని. వారు మిక్కిలి సిగ్గుపడిరి.

వారిని నిందించుటకు ఇది వ్రాయుటలేదు. మూడేండ్ల క్రిందట మన సంఘపు పాత కంప్యూటరును పాతసామాను బండివానికి తూకమునకు వేసినవాడను నేనే. అందులో మీ కానుకల లెక్కలును, బాప్తిస్మముల పట్టికయు ఉండెను. తుడిపివేసితిననుకొంటిని. మామూలుగా తుడుపుట పుస్తకములోని విషయసూచికను చింపుటవంటిది; పుటలు అట్లే యుండునని నాకప్పుడు తెలియదు. ఈ సంగతిలో మీ యెదుట నేను దోషినని ఒప్పుకొనుచున్నాను.

ఇప్పుడు ఎబెద్మెలెకును మరల చూడుడి. ప్రవక్తను పైకి లాగుటకు త్రాళ్లు చాలును. అయినను గోతిలో కృశించినవాని చంకలను త్రాడు కోయునని అతడు ముందే తలంచెను. అందుకే గుడ్డలను వెదకెను, వాటిని ఎట్లు పెట్టుకొనవలెనో చెప్పెను. అవి పాతవే. అయితే పుచ్చుకొనువాని దేహమును తలంచి ఇచ్చినవి.

మలాకీ కాలపువారి సంగతి దీనికి విరోధము. వారు గుడ్డివానిని, కుంటివానిని బలిపీఠమునకు తెచ్చిరి. వాటిని మీ అధికారికి ఇచ్చి చూడుడని ప్రవక్త వారిని నిలువదీసెను. ఒకచోట పాతది ప్రాణము కాపాడెను, మరియొకచోట పనికిరానిది దేవునికి అవమానమాయెను. భేదము వస్తువు వయస్సులో లేదు. ఒకరు వదలించుకొనుటకు ఇచ్చిరి. ఒకడు అక్కరకు తగినదని ఏరి ఇచ్చెను.

3. త్రాళ్లు చేతిలో నుండవలెను

ఎబెద్మెలెకు గుడ్డలను గోతిలో పడవేసి ఇంటికి పోలేదు. ప్రవక్త పైకి వచ్చువరకు త్రాళ్లు పట్టియుండెను. మనకును అట్టివాడొకడు దొరికెను. తిరుపతిలో ఇంజనీరింగు చదువుచున్న మన సంఘపు చిన్నవాడు రెండు శనివారములు వచ్చి, డిస్కులను పూర్తిగా చెరిపి, వాటిమీద లినక్సు అను ఉచిత వ్యవస్థను వేసెను. దానికి నేటికిని మరమ్మతులు వచ్చుచున్నవి. పాత యంత్రములమీద తేలికగా నడచు రకములును గలవు. ఇది కొత్త వింత కాదు. పొరుగున కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు ఏండ్ల తరబడి దానిమీదనే నేర్చుకొనుచున్నారు. మన తెలుగువారిలో హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థ తెలుగులో పనిచేయు లినక్సు కొరకు పాటుపడినది. మన నాలుగింటిలో మూడు నడచుచున్నవి. నాలుగవదాని భాగములు తక్కినవాటికి పనికివచ్చెను.

అన్నిటికిని ఇదియే మందనుట సరికాదు. పేజ్‌మేకరులో అను ఫాంట్లతో తెలుగు కూర్చు ముద్రాపకులకు పాత విండోసే కావలసియుండును. అట్టివారు ఆ యంత్రమును ఇంటర్నెట్టుకు తగిలించక, ఆ పనికే ఉంచుకొనుట మేలు. గడువు తీరిన వ్యవస్థమీద బ్యాంకు పని మాత్రము ఎవరును చేయరాదు.

ఇచ్చువారికి నాలుగు మాటలు. డిస్కును పూర్తిగా చెరిపించుడి. చేతగానిచో దానిని తీసివేసి ఇయ్యుడి. మరమ్మతులు అందుచున్న వ్యవస్థను వేయించుడి. తీగలు, కీబోర్డు, మౌసు చేర్చి, ఒకసారి వెలిగించి చూపుడి. ఏదైన చెడిన యెడల ఎవరిని పిలువవలెనో చెప్పుడి. పుచ్చుకొనువారమును వీటిని అడుగవలెను. పనికిరానిదానిని వద్దనుట కృతఘ్నత కాదు.

ఇప్పుడు పదవ తరగతి చదువు ఒక అమ్మాయి తన అవ్వ పింఛను అర్జీని ఆ యంత్రముమీద తెలుగులో తానే కొట్టినది. దానిని చూచి మన పెద్దాయన, "ఇంకెన్నేండ్లు పనిచేస్తాదయ్యగారూ?" అని అడిగిరి. నాలుగైదేండ్లు కావచ్చునంటిని. "తరవాత?" అనిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. ఆ దినమున మనమే ఇచ్చువారమగుదుము. ఇట్టి యంత్రములలో సీసము వంటి విషములుండును. తీగలను కాల్చి రాగి తీయుట ఆ పొగ పీల్చువారికి హాని. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమముల ప్రకారము నమోదైన సంస్థలకే వాటిని అప్పగింతము. ఈసారి తూకమునకు వేయము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ ఇంట, మీ కార్యాలయమున ఖజానా క్రింది గది ఏది? అందులో పనిచేయునవి ఎన్ని?
2. మీరు కడపట ఇచ్చిన పాత వస్తువును మీ పై అధికారికి అదే స్థితిలో ఇచ్చియుందురా?
3. ఎబెద్మెలెకు త్రాళ్లు ఎంతవరకు పట్టుకొనెను? మనము ఎంతవరకు పట్టుకొనుచున్నాము?

ప్రార్థన

ప్రభువా, మాకు అక్కరలేనిదానిని నీ బీదలయింట పడవేసి, దానికి దానమని పేరుపెట్టిన మా తప్పును క్షమించుము. పుచ్చుకొనువాని నొప్పిని ముందుగా తలంచు మనస్సును మాకు దయచేయుము. ఆమేన్.