వాహన దానము - స్వత్వ త్యాగము

దానమనగా వస్తువును ఒక చేతినుండి వేరొక చేతికి మార్చుట మాత్రమే కాదు. తనకున్న స్వత్వమును పూర్తిగా విడిచి, ప్రతిగ్రహీతకు ఆ స్వత్వమును కలిగించుటయే దానమని ధర్మశాస్త్రజ్ఞులు నిర్వచించిరి. ఇందు రెండు భాగములు కలవు. ఇది ఇక నాది కాదని దాత విడుచుట మొదటిది. ఇది నాదని గ్రహీత స్వీకరించుట రెండవది. మొదటిది జరిగి రెండవది జరుగనిచో అది త్యాగమగునే గాని దానము కాజాలదు. గోదాన భూదానములయందు ఉదకధారను విడుచుట ఈ స్వత్వ పరివర్తనకే గుర్తు.

మత్స్యపురాణము షోడశ మహాదానములలో బంగారు గుఱ్ఱపు రథమును కూడ చేర్చినది. నేటి గృహస్థుని రథము మోటారు వాహనము. క్రాస్‌ఓవర్ అని పిలువబడు కుటుంబ వాహనము కారువలెనే ఒకే కట్టుగ నిర్మింపబడి, నేలనుండి కొంత ఎత్తుగ నుండును. ఆసనము ఎత్తుగ నుండుటచే మోకాళ్ళ నొప్పులు గల వృద్ధులు క్రిందికి కూలబడక సులభముగ కూర్చుండగలరు. వెనుక తలుపు ఎత్తినచో మడచిన చక్రాల కుర్చీయో, అన్నప్రసాద పాత్రలో ఉంచుటకు చోటుండును. పిల్లలు దూరదేశములకు తరలిన పిమ్మట అట్టి వాహనము అనేక గృహములలో ముసుగు కప్పుకొని నిలిచియుండుట చూచుచున్నాము. అదియే ఒక వృద్ధాశ్రమమునకు చేరినచో, వారమునకు పలుమార్లు డయాలిసిస్‌కు పోవలసిన రోగికి ప్రాణాధారము కాగలదు.

అయితే ఎట్టి వాహనమును ఇయ్యవలెను? ఈ ప్రశ్నకు సమాధానము కఠోపనిషత్తు ఆరంభమునందే కలదు. వాజశ్రవసుడు సర్వస్వమును దానము చేయు యాగమును తలపెట్టి, మేత మేయు శక్తియు, పాలిచ్చు శక్తియు ఉడిగిన గోవులను దక్షిణగా ఇయ్యసాగెను. బాలుడైన నచికేతుడు అది చూచి కలతచెందెను. అట్టి దానము తండ్రికి పుణ్యలోకములను గాక ఆనందము లేని లోకములను తెచ్చునని ఆతడు భయపడెను. ఆ గోవులు ముసలివైనందున దోషము కలుగలేదు. ఇక ఉపయోగము లేదని ఎరిగియు వానిని ఇచ్చుటయే దోషమైనది. వాడిన వాహనము దానమునకు తగనిదేమియు కాదు. బ్రేకులు, టైర్లు, ఇంజను సరిగనున్న పదేండ్ల వాహనము పాడియావు వంటిది. మరమ్మతునకే గ్రహీత ధనమును హరించు వాహనము వట్టిపోయిన ఆవు వంటిది. మనదేశమున సొంత వాహనపు రిజిస్ట్రేషను మొదట పదునైదేండ్ల వరకు చెల్లును. ఆ గడువు ముగియవచ్చిన దినములలో ఇచ్చుట కంటె, వాహనమునందు శక్తి యుండగనే ఇచ్చుట మేలు.

ఏ ఫలమును కోరి ఇయ్యవలెనను విషయమును భగవద్గీత పదునేడవ అధ్యాయము తెలుపును. తగిన దేశకాలములయందు, పాత్రుడైన వానికి, ప్రత్యుపకారము కోరక, ఇయ్యవలెనను భావముతో ఇచ్చునది సాత్త్వికము. ఫలాపేక్షతోనో, మనసు కష్టపెట్టుకొనియో ఇచ్చునది రాజసము. అనాదరముతో, అపాత్రునకు ఇచ్చునది తామసము. ఎందరో తెలుగువారు నివసించు అమెరికాలో వాడిన వాహనమును ధర్మసంస్థకిచ్చి ఆదాయపు పన్నులో మినహాయింపు పొందు ఆచారము కలదు. పూర్వము దాత ధరల పట్టికలోని విలువను చూపుచుండగా, సంస్థకు అందులో కొద్ది సొమ్మే చేరుచుండెడిది. 2004లో చేసిన చట్టముచే 2005నుండి ఈ పద్ధతి మారెను. మినహాయింపుగా కోరు విలువ 500 డాలర్లు దాటి, సంస్థ ఆ వాహనమును వాడక అమ్మివేసినచో, అమ్మగా వచ్చిన సొమ్ము వరకే మినహాయింపు లభించును. సంస్థ స్వయముగ సేవకు వినియోగించినను, బీదలకు ఇచ్చినను మార్కెట్టు విలువను చూపవచ్చును. దానపు విలువను దాత మాటనుబట్టి గాక, గ్రహీతకు కలిగిన ప్రయోజనమునుబట్టి కొలిచిన చట్టమిది. మనదేశమున వస్తురూప దానమునకు ఆదాయపు పన్ను మినహాయింపు లేదు. కనుక ఇచట వాహనమిచ్చు గృహస్థునకు ఆ ఫలాపేక్ష అడ్డురాదు.

స్వత్వ పరివర్తనమే ఇందు ముఖ్యమని మొదట చెప్పబడినది. తాళపుచెవి ఇచ్చి, ఫొటో తీయించుకొని, కాగితముల మాట మరచుట నేడు పరిపాటియైనది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, ఒకే రాష్ట్రమున చేతులు మారిన వాహనమును గూర్చి దాత పదునాలుగు దినములలోను, గ్రహీత ముప్పది దినములలోను రవాణా శాఖకు తెలుపవలెను. ఇందులకు 29, 30 నంబర్ల ఫారములు కలవు. బ్యాంకు అప్పు తీరియున్నచో 35వ నంబరు ఫారముతో ఆ తాకట్టు నమోదును తొలగింపజేయవలెను. బీమా కూడ గ్రహీత పేరునకు మారవలెను. రిజిస్టరులో ఎవరి పేరుండునో వారే యజమానులై ప్రమాద నష్టపరిహారమునకు బాధ్యులగుదురని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. అనగా పేరు మారనంత వరకు ఉదకధార నేలను చేరనట్లే. సంస్థ డ్రైవరు చేతిలో ఒకడు గాయపడినచో, ఎన్నడో ఇచ్చివేసితిమనుకొన్న వృద్ధ దంపతులు కోర్టు మెట్లెక్కవలసి వచ్చును. గాయపడినవాడు పరిహారమునకై తిరుగవలసి వచ్చును.

ఇచ్చుటకు ముందు గ్రహీతను అడిగి తెలిసికొనుట కూడ దానాంగమే. డ్రైవరు జీతము, ఇంధనము, బీమా భరింపగల సంస్థయా? ఆ వాహనము వారికి నిజముగ అక్కరయా? కాదన్నచో, దానిని అమ్మి ఆ ధనమును ఇచ్చుట ఉత్తమము. పూర్తిగ శిథిలమైనదానిని 2021 నాటి నియమముల క్రింద ఏర్పడిన రిజిస్టర్డు తుక్కు కేంద్రమునకు అప్పగించి, వచ్చిన సొమ్మును అన్నదానమునకో వైద్యమునకో సమర్పింపవచ్చును. ఇది నచికేతుడు మెచ్చు మార్గము.

శ్రద్ధతోను, వినయముతోను, తెలివితోను ఇయ్యవలెనని తైత్తిరీయోపనిషత్తు బోధించుచున్నది. వాహన దానమున శ్రద్ధయనగా మరమ్మతు చేయించి ఇచ్చుట. వినయమనగా అద్దముపై తన పేరు వ్రాయించుకొనకుండుట. తెలివియనగా పత్రములన్నియు సరిజేసి ఇచ్చుట. ఈ మూడును కూడినపుడు, ఒక కుటుంబమును గుడులకును బడులకును మోసిన బండి, ఎవరును లేని వృద్ధులను ఆసుపత్రికి మోయుచు పరమేశ్వరుని సేవలో నిలుచును. దాతకు దానిపై మిగులునది యాజమాన్యము కాదు, తృప్తి మాత్రమే.